మెషిన్ పెట్టుకున్నా మగత పోదేం?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. హనుమాన్ జంక్షన్‌లో టైర్ల కొట్టు ఉంది. నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియాకి ఎనిమిది నెలలుగా రాత్రిళ్లు మాస్కుతో గాలి పంపే సీపాప్ మెషిన్ వాడుతున్నాను. అయినా మధ్యాహ్నానికి గల్లాపెట్టె దగ్గరే తూగుతున్నాను. ఎందుకండీ?

జవాబు: ముందు మెషిన్‌నే అడుగుదాం. ఎన్ని గంటలు వాడారో, మాస్కు పక్కనుంచి గాలి ఎంత పోతోందో, ఊపిరి గంటకు ఎన్నిసార్లు ఆగుతోందో అందులో నమోదై ఉంటుంది. ఆ చివరి అంకె 5 లోపు ఉండాలి. చాలామంది రాత్రి రెండింటికి మాస్కు పీకి పక్కన పడేస్తారు. కలల నిద్ర ఎక్కువగా పట్టేది ఆ తర్వాతే. ఊపిరి ఎక్కువసేపు ఆగేదీ అందులోనే.

అంకెలు బాగున్నాయా? అయితే నిద్ర గంటలు లెక్కేయండి. పదకొండింటికి కొట్టు కట్టేసి అయిదింటికే లేస్తుంటే ఏ మెషినూ ఆ లోటు పూడ్చలేదు. థైరాయిడ్, రక్తహీనత, షుగరు పరీక్షలు చేయించండి. మనసులో దిగులున్నా ఇలాగే ఉంటుంది. జలుబుకని అడిగి కొనుక్కునే సెట్రిజిన్‌నీ అనుమానించండి. డాక్టరు ‘ఏం మందులు వాడుతున్నారు’ అంటే దాని పేరు ఎవరూ చెప్పరు!

ఇవన్నీ సరిగ్గా ఉన్నా కొందరికి మగత మిగిలిపోతుంది. మెలకువ నిలిపే మందులున్నాయి గానీ అవి నిద్ర వైద్యుడే రాయాలి, మెషిన్ మానకూడదు. ఈలోగా 16వ నంబరు జాతీయ రహదారి మీద బెజవాడకైనా, ఏలూరుకైనా బండి మీరు నడపకండి, బస్సెక్కండి.