రాత్రికి రాత్రి కుంగిపోయే రేంజ్ రోవర్

ప్రశ్న: మాది 1998 నాటి రేంజ్ రోవర్, పీ38 మోడల్. సాయంత్రం ఆపిన బండి తెల్లారేసరికి నాలుగు మూలలా కుంగిపోతోంది. ఎయిర్ స్ప్రింగులు నాలుగూ మార్చాలని మెకానిక్ అంటున్నారు. అవసరమేనా?
– ఒక పాఠకుడు, బర్మింగ్‌హామ్

జవాబు: తొందరపడకండి. నాలుగూ ఒకేసారి పాడవడం అరుదు. ఈ మోడల్లో బండి ఆపాక కూడా సస్పెన్షన్ కంప్యూటర్ కొన్ని గంటలకోసారి మేల్కొని, బాగా దిగిపోయిన మూలకు సమంగా మిగతా మూడింటినీ దించేస్తుంది. అందుకే ఒక్కచోట గాలి పోతున్నా బండి మొత్తం కుంగినట్టు కనిపిస్తుంది.

ముందు సీటు కింద ఉండే సస్పెన్షన్ టైమర్ రిలేను ఒక రాత్రికి తీసి ఉంచండి. పొద్దున ఏ మూల దిగి ఉంటే లీకు అక్కడే. రిలే మళ్లీ పెట్టి, బండిని హై సెట్టింగుకు లేపి, ఆ స్ప్రింగు రబ్బరు మడత మీద సబ్బునీళ్లు చల్లండి. బుడగలొస్తే స్ప్రింగు మార్చాల్సిందే. అదే యాక్సిల్‌కు రెండో వైపుదీ పాతదే అయితే జతగా మార్చడం మేలు.

బుడగలు రాకపోతే గాలి గొట్టాల జాయింట్లు, బానెట్ కింది వాల్వ్ బ్లాక్ చూడండి. అందులోని ఓ-రింగులు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి గాలి వదిలేస్తాయి. వాటిని మార్చడం స్ప్రింగులంత ఖర్చు కాదు. లీకును మాత్రం నిర్లక్ష్యం చేయకండి. కంప్రెసర్ మితిమీరి తిరిగి పిస్టన్ సీలు అరిగిపోతుంది.

ఒక హెచ్చరిక: గాలి ఎప్పుడైనా దిగిపోవచ్చు. ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టకుండా బండి కిందికి దూరకండి.