వానా, తీరికా: రెండూ అనుగ్రహాలే

ప్రభుత్వోద్యోగి ఆంధ్రప్రదేశ్‌లో 62, తెలంగాణలో 61 ఏళ్లకు రిటైరవుతాడు. అంతవరకు గడియారం వెంట పరుగెత్తిన మనిషికి ముసురు పట్టిన రోజు ఎంతకూ గడవదు. ఏమీ తోచడం లేదని విసుక్కుంటాడు. కాని ఆరోగ్యం, తీరిక అనే రెండు అనుగ్రహాల విషయంలో చాలామంది నష్టపోతారని దైవప్రవక్త (స) హెచ్చరించారు.

వానను తిట్టుకోకూడదు. వర్షం కురిసినప్పుడు ఆయన (స) దాన్ని ప్రయోజనకరమైనదిగా చేయమని అల్లాహ్‌ను వేడుకునేవారు.

జోరువానలో మస్జిదుకు వెళ్లలేకపోయామని కుమిలిపోనవసరం లేదు. చలీ వానా ఉన్న రాత్రి ఎవరి బసలో వారు నమాజు చేసుకోమని ఆయన (స) ప్రకటన చేయించేవారు. ధర్మమిచ్చిన వెసులుబాటును స్వీకరించడం కూడా విధేయతే. పెద్ద వయసులో బురదలో జారిపడితే ఆ కష్టం ఇంటిల్లిపాదిదీ అవుతుంది. అలాంటి రోజు మనవళ్లను కలుపుకొని ఇంట్లోనే జమాఅత్‌గా నమాజు చేయండి.

దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో సాయపడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. మరి మనం కుర్చీలో కూర్చుని టీ కోసం పదిసార్లు కేకవేయడం తగునా? తడిబట్టలు లోపల తాడుమీద ఆరేయండి. పూలకుండీల్లో, కూలర్లో, పాత టైర్లలో నిలిచిన నీటిని వారానికోసారైనా పారబోయండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది అక్కడే. పొరుగువారి ఇల్లు కురుస్తోందేమో కనుక్కోండి.

పదవీ విరమణ ఉద్యోగానికే. ఆరాధనకు, సేవకు కాదు. మన తీరికను సద్వినియోగం చేసుకునే భాగ్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.