ఆన్‌లైన్ వ్యవసాయ విద్య: విద్యార్థి సంతృప్తిని నిర్ణయించే అంశాలు

2020 మార్చిలో లాక్‌డౌన్ విధించిన తరువాత వ్యవసాయ కళాశాలల పాఠాలు ఫోను తెర మీదికి చేరాయి. అదే ఏడాది సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో పాఠశాల విద్యార్థులకు టి-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ఆనాటి ఏర్పాటు అత్యవసరంగా చేసినదే అయినా, ఆన్‌లైన్ విద్య ఆ అవసరంతో ముగిసిపోలేదు. ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం వరకు 'స్వయం' వేదికపై చదివి క్రెడిట్లు పొందే వీలును యూజీసీ 2021లో కల్పించింది. కాబట్టి విద్యార్థి సంతృప్తి దేనిపై ఆధారపడుతుంది, దానిని ఎంతవరకు ప్రమాణంగా తీసుకోవచ్చు అన్న ప్రశ్నలు నేటికీ ముఖ్యమైనవే.

ఆశించినది, అందినది

సంతృప్తి అనేది అందిన సేవ నాణ్యతపై మాత్రమే ఆధారపడదు. ముందుగా ఆశించినదానికీ, తరువాత అందినదానికీ మధ్య గల తేడాపై కూడా ఆధారపడుతుందని రిచర్డ్ ఆలివర్ 1980లో ప్రతిపాదించారు. ఉదాహరణకు ఒకే పాఠాన్ని ఇద్దరు విద్యార్థులు వింటున్నారని అనుకుందాం. ఒకరి ఇల్లు హైదరాబాదు తూర్పున, ఉప్పల్ దాటిన తరువాత వరంగల్ రహదారిపై వచ్చే నారపల్లిలో ఉంది. మరొకరిది అశ్వారావుపేట సమీపంలోని ఒక అటవీ గ్రామం. నారపల్లి విద్యార్థికి ఆన్‌లైన్ తరగతి అంటే నగరానికి మరో వైపున ఉన్న రాజేంద్రనగర్ వరకు ప్రయాణం తప్పడం. రెండవ విద్యార్థికి అది సిగ్నల్ అందే చోటును వెతుక్కోవడం. పాఠం ఒకటే అయినా ఇద్దరి సంతృప్తి ఒకటి కాదు. అందువల్ల నెట్‌వర్కు, పరికరం, ఇంట్లో చదువుకునే చోటు అనేవి మొదటి వరుస అంశాలు. అవి ఉన్నంత మాత్రాన సంతృప్తి కలగదు, కానీ లేకపోతే మిగిలినవేవీ పనిచేయవు.

మూడు రకాల సంబంధాలు

దూరవిద్యలో విద్యార్థికి పాఠ్యాంశంతో, అధ్యాపకునితో, తోటి విద్యార్థులతో ఏర్పడే మూడు సంబంధాలను మైకేల్ మూర్ 1989లో వేరువేరుగా గుర్తించారు. పాఠ్యాంశం విషయంలో పెద్ద పాఠాన్ని చిన్న భాగాలుగా విభజించడం, తక్కువ డేటాతో తెరుచుకునే రూపంలో అందించడం మేలు. అధ్యాపకుని విషయంలో సందేహానికి సకాలంలో సమాధానం రావడం, దిద్దిన అసైన్‌మెంటు వ్యాఖ్యలతో తిరిగి చేరడం ప్రధానం. మంచి కెమెరా ఈ లోటును పూరించలేదు. ఇక వసతి గృహంలో సహజంగా జరిగే ఉమ్మడి చదువు ఆన్‌లైన్‌లో దానంతట అది జరగదు. చిన్న బృందాలకు పని అప్పగించి అధ్యాపకుడే దానిని కల్పించాలి.

ప్రాయోగిక పాఠాల పరిమితి

బీఎస్సీ అగ్రికల్చర్‌లో కోర్సు క్రెడిట్లను 2 (1+1) వంటి రూపంలో రాస్తారు. కూడిక గుర్తుకు ముందున్నది సిద్ధాంతం, తరువాతది ప్రాయోగికం. తెర మీద ఈ రెండు భాగాలు ఒకే తీరుగా అందవు. వరిలో 20 × 15 సెం.మీ. దూరంలో నాటితే చదరపు మీటరుకు సుమారు 33 కుదుళ్లు వస్తాయన్న లెక్కను తెర మీద చక్కగా నేర్పవచ్చు. బురద మడిలో వంగి ఆ దూరం పాటించడం మాత్రం చేసి నేర్చుకోవలసిందే. ఆకురంగు పట్టిక మరింత స్పష్టమైన ఉదాహరణ. నత్రజని పైపాటు అవసరాన్ని నిర్ణయించేందుకు ఆకుపై ఎండ నేరుగా పడకుండా చూసి, దాని పచ్చదనాన్ని పట్టికలోని రంగులతో పోల్చుతారు. ఫోను కెమెరా, తెర వెలుతురు ఆ పచ్చదనాన్నే మార్చివేస్తాయి. వీడియో చూసిన విద్యార్థికి పద్ధతి తెలుస్తుంది, కానీ రంగును గుర్తించే చూపు అలవడదు.

సంతృప్తి, అభ్యసనం ఒకటి కావు

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర తరగతులపై లూయీ డెలోరియే బృందం జరిపిన అధ్యయనం 2019లో వెలువడింది. విద్యార్థులు స్వయంగా సమస్యలు సాధించిన తరగతుల్లో ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామని భావించారు. సాఫీగా సాగిన ఉపన్యాసం విన్నవారి భావన ఇందుకు విరుద్ధంగా ఉంది. అది ఆన్‌లైన్ తరగతులపై జరిగిన అధ్యయనం కాకపోయినా, దాని హెచ్చరిక ఇక్కడా వర్తిస్తుంది. శ్రమలేని పాఠం అధిక సంతృప్తిని చూపి, మడిలో నిలబడలేని పట్టభద్రుని తయారు చేయవచ్చు. రేపు అతని సలహాపై ఎరువు వేసేది రైతు. ఆ లోటుకు మూల్యం చెల్లించేదీ రైతే.

కొలిచే విధానం

సంతృప్తిని లికర్ట్ మాపనితో కొలిచే పరిశోధక విద్యార్థులు మూడు జాగ్రత్తలు పాటించాలి. మొదటిది, సిద్ధాంతానికి, ప్రాయోగికానికి ప్రశ్నలు వేరుగా ఉండాలి. రెండింటినీ కలిపి సగటు తీస్తే ఒకదాని లోటు మరొకదాని మాటున దాగిపోతుంది. రెండవది, సంతృప్తి మార్కుల పక్కనే నైపుణ్య పరీక్ష ఫలితాన్ని ఉంచి చూడాలి. మూడవది, ఆన్‌లైన్ ఫారం ద్వారా మాత్రమే అభిప్రాయాలు సేకరిస్తే సిగ్నల్ ఉన్నవారే సమాధానమిస్తారు, తరగతికే అందనివారు లెక్కలోకి రారు. అప్పుడు సగటు సంతృప్తి వాస్తవం కంటే ఎక్కువగా కనిపిస్తుంది. వారిని ఫోనులో గాని, కాగితం మీద గాని ప్రశ్నించడం తప్పనిసరి. రైతులకు వీడియోల ద్వారా శిక్షణనిచ్చే విస్తరణ శాస్త్రవేత్తలకూ ఈ మూడు జాగ్రత్తలు వర్తిస్తాయి.

ముగింపు

ఆన్‌లైన్ విద్యలో సంతృప్తికి సాంకేతిక సౌకర్యం పునాది, అధ్యాపకుని సకాల స్పందన ప్రధాన ఆధారం. వ్యవసాయ విద్యలో సిద్ధాంతాన్ని తెరకు అప్పగించి, అలా మిగిలిన తరగతి గది సమయాన్ని పొలానికి కేటాయించడం సముచితం. విద్యార్థి మెచ్చుకోలును నమోదు చేయాలి. అయితే కోర్సు సఫలతను నిర్ణయించవలసింది అతడు పొలంలో చేయగలిగిన పనే.