వర్ణన కూడా వాగ్దానమే

ఉద్దేశం: అమ్మకానికి పెట్టిన వస్తువు స్థితిని తెలిపే మాటలను జాగ్రత్తగా చదవడం, నిజాయితీగా రాయడం నేర్పడం ఈ పాఠం ఉద్దేశం.

సంతలో ఎద్దును కొనే రైతు అమ్మేవాని మాటతోనే తృప్తిపడడు. దాని నోరు తెరచి పళ్లు చూస్తాడు. పశువుకు పైదవడ ముందు భాగంలో పళ్లుండవు. కింది దవడలో పాలపళ్లు ఊడి, జతలు జతలుగా శాశ్వత దంతాలు వస్తాయి. రెండు పళ్లుంటే సుమారు రెండేళ్ల కోడె. ఎనిమిదీ నిండితే నాలుగేళ్లకు అటూ ఇటూ. ఆ తరువాత దానిని నడిపించి చూస్తాడు. అమ్మేవాడు "లేత వయసు" అన్నా పళ్లు అసలు సంగతి చెబుతాయి.

నేడు అంచెట్టి వంటి ఊళ్లలో కూడా సెల్‌ఫోన్‌లో చూసి వస్తువులు కొంటున్నారు. పెద్ద దుకాణాల కోసం డెంకణికోటకో, హోసూరుకో పోవలసినవారికి ఇది సౌకర్యమే. అయితే ఇక్కడ వస్తువును తాకి చూసే వీలులేదు. కొనేవారికి కనిపించేవి ఒక బొమ్మ, నాలుగు మాటలు మాత్రమే. ఆ మాటలు కూడా తరచుగా ఇంగ్లీషులో ఉంటాయి. ఇంట్లో చదువుకున్నవారు మీరే అయితే, వాటిని సరిగా చదివి పెద్దలకు చెప్పే బాధ్యత మీదే.

'లైక్ న్యూ' అంటే కొత్తదానివలె ఉన్నదని అర్థం. కొత్తది అని కాదు. 'రీఫర్బిష్డ్' అంటే వాడినదానినో, తిరిగివచ్చినదానినో పరీక్షించి, అవసరమైతే బాగుచేసి మళ్లీ అమ్మకానికి పెట్టినది. ఎవరు బాగుచేశారు, ఏ భాగం మార్చారు, ఎన్ని నెలల హామీ ఉంది అని అడగాలి. 'గుడ్ కండిషన్' అనే మాటకు కొలత లేదు. 'యాజ్ ఈజ్' అంటే ఉన్నది ఉన్నట్లు. తరువాత లోపం బయటపడితే తనకు పూచీ లేదని అమ్మేవాడు ముందే చెప్పుకోవడం.

అబద్ధం చెప్పకుండానే మోసగించవచ్చు. "తెర మీద ఒక్క గీత లేదు" అని ఒకడు తన సెల్‌ఫోన్ గురించి రాశాడనుకుందాం. అది నిజమే. కాని బ్యాటరీ గంటకే దిగిపోతుందని రాయలేదు. చెప్పిన మాట నిజమైనా, చెప్పని మాట వల్ల కొన్నవాడు నష్టపోయాడు.

ఈ నష్టం ఒక్కరితో ఆగదు. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ 1970లో పాత కార్ల అమ్మకాన్ని ఉదాహరణగా తీసుకొని దీనిని వివరించాడు. ఏది మంచిదో, ఏది చెడ్డదో కొనేవారికి తెలియకపోతే, అన్నింటికీ తక్కువ ధరే ఇవ్వజూపుతారు. అప్పుడు మంచి కారు ఉన్నవారు అమ్మడం మానుకుంటారు. చివరికి సంతలో చెడ్డవే మిగులుతాయి. అంటే ఒకరి అబద్ధానికి నిజాయితీపరుడు కూడా నష్టపోతాడు. అకర్లాఫ్‌కు 2001లో మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి లభించింది.

మన చట్టం కూడా వర్ణనను వాగ్దానంగానే చూస్తుంది. వర్ణన చెప్పి అమ్మినప్పుడు వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం చెబుతున్నది. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును తిరిగి తీసుకోవడానికి వ్యాపారి నిరాకరించరాదు. అయితే తన సొంత పాత వస్తువును ఎప్పుడో ఒకసారి అమ్ముకునే వ్యక్తికి ఈ నియమాలు వర్తించవు. అటువంటివారి వద్ద కొనేటప్పుడు వస్తువును స్వయంగా చూసిన తరువాతనే డబ్బు ఇవ్వాలి.

ప్రకటన ప్రతిని, రసీదును దాచుకోవాలి. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయాలి. వ్యాపారి మోసగిస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుపై ఫోన్ చేయవచ్చు. అక్కడ తెలుగులోనూ మాట్లాడవచ్చు. అప్పటికీ పరిష్కారం కాకపోతే, తాము నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోగా ఫిర్యాదు చేయవచ్చు.

రేపు మీరూ ఒక వస్తువు అమ్మవచ్చు. అప్పుడు ఇలా రాయండి: "నాలుగేళ్లు వాడిన సైకిలు. వెనుక టైరు అరిగింది. బ్రేకులు గత నెలలో మార్చాము. బెల్లు మోగదు." ఇది చదివినవారు ధర కొంత తగ్గించి అడగవచ్చు. కాని కొన్న తరువాత మిమ్మల్ని నిందించరు.

పదాలు – అర్థాలు
కోడె = వయసులో ఉన్న మగ పశువు
పూచీ = బాధ్యత
నిరాకరించు = ఒప్పుకోకపోవు

అభ్యాసం
1. రైతు ఎద్దు వయసును ఎలా తెలుసుకుంటాడు?
2. 'లైక్ న్యూ', 'రీఫర్బిష్డ్' అనే మాటలకు గల భేదమేమి?
3. "చెప్పని మాట వల్ల కూడా మోసం జరుగుతుంది." దీనిని మీ సొంత ఉదాహరణతో వివరించండి.
4. మీ ఇంట్లోని ఒక పాత వస్తువును అమ్మదలచారనుకొని, దాని లోపాలను కూడా చెబుతూ ఐదు వాక్యాల ప్రకటన రాయండి.