బేగంపేట బెలూను చెప్పే పాఠం

అమీర్‌పేటలో దుకాణాల షట్టర్లు ఇంకా లేవకముందే, పక్కనే ఉన్న బేగంపేట విమానాశ్రయ ప్రాంతంలోని వాతావరణ కేంద్రంలో ఒక పని మొదలవుతుంది. రబ్బరు బెలూనులో హైడ్రోజన్ నింపి, దానికి రేడియోసాండ్ అనే చిన్న పెట్టెను తాడుతో కట్టి ఆకాశంలోకి వదులుతారు. ఇలాంటి పరిశీలనలకు ప్రపంచమంతటా నిర్ణయించిన ప్రధాన వేళలు మన గడియారంలో ఉదయం 5.30, సాయంత్రం 5.30.

నేల మీద ఎండ, తేమ కొలిస్తే చాలదా అని కొందరు అడుగుతారు. చాలదు. మేఘం పుట్టేది పైన. కింద వేడిగా, తేమగా ఉండి, పైన గాలి బాగా చల్లగా ఉంటే ఉరుముల వానకు దారి ఏర్పడుతుంది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసిన సంగతి మన పెద్దలకు ఇంకా గుర్తుంది. అలాంటి వానను ముందుగా పసిగట్టాలంటే నేల నుంచి పై పొరల దాకా గాలి స్థితి తెలియాలి.

పెట్టె ఏం చేస్తుంది?

బెలూను సెకనుకు సుమారు 5 మీటర్ల వేగంతో లేస్తుంది. ఆ లెక్కన 30 కిలోమీటర్ల ఎత్తుకు చేరడానికి గంటా నలభై నిమిషాలు పడుతుంది. పైకి పోయేకొద్దీ బయటి పీడనం తగ్గి బెలూను ఉబ్బుతుంది, చివరికి పగిలిపోతుంది. ఈలోగా పెట్టె ఉష్ణోగ్రతను, తేమను, పీడనాన్ని రేడియో ద్వారా కిందికి పంపుతూనే ఉంటుంది. రేడియో లేని కాలంలో, కింద పడిన పరికరం ఎవరికైనా దొరికి తెచ్చిస్తేనే అందులోని కొలతలు చేతికి వచ్చేవి. 1929లో ఫ్రాన్స్‌లో రాబర్ట్ బ్యూరో, 1930లో రష్యాలో మొల్చనోవ్ ఆ కష్టం తీర్చారు.

ఏం మారింది?

గాలి వేగం తెలియాలంటే బెలూను ఎటు, ఎంత దూరం కొట్టుకుపోయిందో తెలియాలి. పాత పద్ధతిలో నేల మీది యాంటెన్నా దాని వైపు తిరుగుతూ కోణాలు కొలిచేది. ఇక్కడ ఒక చిన్న లెక్క చూద్దాం. బెలూను 10 కిలోమీటర్ల ఎత్తులో, 10 కిలోమీటర్ల దూరంలో ఉంటే, కోణంలో డిగ్రీలో పదో వంతు తప్పు వల్ల దూరంలో వచ్చే తేడా 35 మీటర్లే. అదే ఎత్తులో అది 40 కిలోమీటర్ల దూరం పోతే, ఆ కొద్దిపాటి తప్పే దాదాపు 300 మీటర్ల తేడా తెస్తుంది. అంటే గాలి బలంగా వీచిన రోజునే, కొలత ఎక్కువ అవసరమైన రోజునే, తప్పు పెరుగుతుంది. జీపీఎస్ అమర్చిన కొత్త పెట్టె తన చోటును తానే చెబుతుంది కాబట్టి ఈ చిక్కు లేదు. అందుకే భారత వాతావరణ శాఖ తన కేంద్రాలను దశలవారీగా జీపీఎస్ పరికరాలకు మార్చింది.

అయితే మార్పులో ఒక జాగ్రత్త ఉంది. పాత, కొత్త పెట్టెలను ఒకే బెలూనుకు కట్టి పంపి రెండింటినీ పోల్చాలి. లేకపోతే పరికరం మారడం వల్ల వచ్చిన తేడాను వాతావరణంలో వచ్చిన మార్పుగా పొరబడే ప్రమాదం ఉంది.

దాతలకు ఇందులో ఏముంది?

ఈ పేటలోనే ఒక దాత కథ ఉంది. నవాబ్ జఫర్ జంగ్ ఖగోళ శాస్త్రం మీద మక్కువతో 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు కొని, 1901లో నిజామియా అబ్జర్వేటరీకి పునాది వేశారు. 1907లో ఆయన మరణించారు. మరుసటి ఏడాది ప్రభుత్వం దాన్ని చేపట్టి బేగంపేటకు మార్చింది. అక్కడి సిబ్బంది ఏళ్ల తరబడి రాత్రుళ్లు ఫొటోలు తీసి, పగళ్లు కొలిచి, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు నమోదు చేశారు. ఆయన దానం సంస్థకు ప్రాణం పోసింది. దాన్ని నిలబెట్టింది మాత్రం నెలనెలా అందిన జీతాలు, రోజూ చేసిన పని.

బెలూను విషయంలో ఇది మరీ స్పష్టం. నేల మీది యంత్రం ఒకసారి కొంటే ఏళ్లు నిలుస్తుంది. పైకి వెళ్లిన పెట్టె మాత్రం చాలావరకు తిరిగి రాదు. రేపటికి మరో బెలూను, మరో పెట్టె, మళ్లీ గ్యాసు, తెల్లవారకముందే లేచే మనిషి కావాలి. వీటిలో ఏ ఒక్కటి ఆగినా ఖరీదైన యంత్రం మూగపోతుంది.

మనం కొనిచ్చే కుట్టుమిషన్లకు, కంప్యూటర్లకు, ఆసుపత్రి పరికరాలకు కూడా ఇదే వర్తిస్తుంది. రిబ్బను కత్తిరించే రోజున ఫొటోకు అందరం వస్తాం. మూడో ఏడు మరమ్మతు బిల్లు వచ్చినప్పుడు ఎవరుంటారన్నదే ప్రశ్న. సదఖా జారియా అంటే ఆగకుండా సాగే దానం. ఈసారి ఏదైనా పరికరం ఇవ్వాలనుకున్న దాతలు దాని ధర పక్కనే మరో అంకె కూడా వేయండి: అది రోజూ పనిచేయడానికి ఏడాదికి ఎంత కావాలి?