సంఘముగా గూడు హక్కు

వ్యవసాయపు పనివారికి సంఘముగా గూడు హక్కు కలదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లోనే యొడంబడిక చేసెను. మన దేశము 1923లో దాని నంగీకరించెను. అయినను కాగితముమీది హక్కు తనంతట ప్రాణమును గాపాడదు.

బ్రెజిల్ దేశమున పరాయిబా రాష్ట్రములోని అలగోవా గ్రాండె యను నూర మార్గరీదా మరియా ఆల్వెస్ గ్రామీణ కార్మిక సంఘాధ్యక్షురాలు. చెరకుతోటల కూలీలకు సెలవు జీతము, 13వ నెల జీతము, 8 గంటల పనిదినము కోరి న్యాయస్థానమున వ్యాజ్యములు నడిపించెను. 1983 ఆగస్టు 12వ తేదీన ఆమెను ఇంటివద్దనే తుపాకితో గాల్చి చంపిరి. ఆ నేరమునకు ఎవ్వరికిని శిక్ష పడలేదు.

నాయకురాలు పోయినచో తక్కినవారు చెదరుదురని హంతకుల లెక్క. అది తప్పినది. 2000వ సంవత్సరము మొదలు ఆమె పేర గ్రామీణ స్త్రీలు వేలకొలదిగా రాజధాని బ్రసీలియాలో ఊరేగింపులు జరుపుచున్నారు.

మన రాజ్యాంగపు 19వ అధికరణము సంఘస్వాతంత్ర్యము నిచ్చినది. 2011 నాటి 97వ సవరణచే సహకార సంఘములును అందు చేరినవి. కావున కూలిసంఘపు నాయకునిపై బడిన దెబ్బ మన సంఘమునకు ఆధారమైన హక్కుపై బడినదే. సభ్యులారా! భారమంతయు నొక్కనిపై నుంచకుడు. అర్జీపై అందరును చేవ్రాలు చేయుడు. బెదిరింపు వచ్చిననాడే వ్రాతమూలముగా పోలీసువారికి దెలుపుడు.