బిడ్డకు మందు: చేతులు మారేచోట జాగ్రత్త



సికింద్రాబాదులో పొద్దున తొమ్మిది కావస్తోంది. బోయినపల్లిలోనో, లాలాగూడలోనో ఒక తల్లి పనికి పోయే తొందరలో ఉంది. రాత్రినుంచి పిల్లవాడికి ఒళ్లు వెచ్చగా ఉంది. "టీచరమ్మా, పిలగానికి జ్వరం మందు తెచ్చిన. ఓ చెంచా తాగించండి" అని సీసా చేతిలో పెట్టి బస్సుకు పరుగెత్తింది. ఎనిమిదింటికే నానమ్మ ఒక మోతాదు పోసిన సంగతి ఆ తల్లికి తెలియదు. టీచరమ్మకు అసలే తెలియదు. పదింటికి ఇంకో చెంచా పడింది.

ముగ్గురికీ బిడ్డమీద ప్రేమే. కాని ఒక మోతాదు రెండయింది. పారాసెటమాల్ మందుకూ మందుకూ నడుమ కనీసం నాలుగు గంటలు ఉండాలి. రోజుకు నాలుగుసార్లు మించరాదు. మించితే కాలేయం చెడుతుంది.

సీసా ఒకటే, బలం వేరు

పారాసెటమాల్ సిరప్ 5 మి.లీ.లో సాధారణంగా 120 లేక 125 మి.గ్రా. మందు ఉంటుంది. కొన్నిటిలో 250 ఉంటుంది. పసిపిల్లల డ్రాప్స్‌లో అయితే ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది. డ్రాప్స్‌ను సిరప్ అనుకుని 5 మి.లీ. పోస్తే నాలుగింతల మందు లోపలికి పోయినట్టే! కాబట్టి మందు పేరుతోపాటు దాని బలం కూడా చదవండి. ఇంటి చెంచాతో కొలవవద్దు. ఒక ఇంటి చెంచాలో మూడు మి.లీ. పడితే ఇంకో ఇంటి చెంచాలో ఏడు పట్టవచ్చు. ఉగ్గుగిన్నె పాలకు మంచిదే, మందు కొలతకు పనికిరాదు. సీసాతో వచ్చిన గీతల మూతనే వాడండి.

చదవకుండా ఇస్తే ఏమవుతుంది?

2019 మార్చిలో మన జంట నగరాల్లోనే, నాంపల్లి ఆరోగ్య కేంద్రంలో, టీకాలు వేసిన పసిపిల్లలకు పారాసెటమాల్ బదులు ట్రమడాల్ మాత్రలు పంచారు. అది పెద్దల నొప్పి మందు. ఎందరో బిడ్డలు నీలోఫర్ ఆసుపత్రి పాలయ్యారు. పసిప్రాణాలు పోయాయి. చదువుకున్న చేతులే పొరపడ్డాయంటే మనమెంత జాగ్రత్తగా ఉండాలి!

తల్లి చేయవలసినవి

1. ఇంట్లో ఇవ్వగలిగిన మందు ఇంట్లోనే ఇవ్వండి. రోజుకు రెండుసార్ల మందయితే కేంద్రానికి పంపే పనే లేదు.
2. పంపక తప్పకపోతే డాక్టరు చీటీతో, అసలు సీసాలోనే పంపండి. వేరే సీసాలో పోసి పంపవద్దు.
3. చీటీమీద బిడ్డ పేరు, ఎంత ఇవ్వాలి, ఎన్ని గంటలకు, ఇంట్లో చివరిసారి ఎప్పుడు ఇచ్చారు అన్నవి రాయండి. రాయడం రాకపోతే టీచరుచేత రాయించండి.
4. పడని మందు ఏదైనా ఉంటే ముందే చెప్పండి.

టీచరు, ఆయా చేయవలసినవి

1. చీటీ లేని మందు ఇవ్వరాదు. "మొన్న వాళ్ల అన్నకు ఇదే మందు పనిచేసింది" అన్నా సరే.
2. పేరు పిలిచి, బిడ్డ ముఖం చూసి, సీసా చదివి, అప్పుడే పోయండి.
3. బిడ్డను కూర్చోబెట్టి, బుగ్గ పక్కగా కొంచెం కొంచెం పోయండి. ముక్కు మూసి పోస్తే పొలమారుతుంది.
4. ఇచ్చిన వెంటనే గంట, మోతాదు రాసి, సాయంత్రం తల్లికి చూపండి.
5. బిడ్డ కక్కుకుంటే మళ్లీ పోయకండి. డాక్టరునో నర్సునో అడగండి.
6. మందును చాక్లెట్ అని చెప్పవద్దు. పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి.

నులిపురుగుల మందు రోజున అంగన్‌వాడీలోనే ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. ఒకటి నుంచి రెండేళ్ల బిడ్డకు సగం, రెండేళ్లు దాటితే ఒకటి. చిన్న బిడ్డలకు నలిపి నీళ్లలో కలిపి ఇవ్వాలి, పెద్ద పిల్లలచేత నమిలించాలి. జ్వరంతో ఉన్న బిడ్డకు ఆ రోజు ఇవ్వరు.

దగ్గు మందు మాటేమిటి?

2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో విషం కలిసిన దగ్గు మందు తాగి ఎందరో పిల్లలు చనిపోయారు. రెండేళ్లలోపు బిడ్డలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వరాదనీ, ఐదేళ్లలోపు మామూలుగా అవసరం లేదనీ కేంద్ర ఆరోగ్యశాఖ అప్పుడు తెలియజేసింది. దుకాణంలో అడిగి తెచ్చిన దగ్గు మందు అంగన్‌వాడీకి పంపకండి.

పొరపాటు జరిగితే

దాచవద్దు. భయపడి ఆలస్యం చేయవద్దు. బలవంతంగా కక్కించవద్దు. ఉప్పునీళ్లు పట్టవద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా సీసా చేత పట్టుకుని గాంధీ ఆసుపత్రికో, దగ్గరి ఆసుపత్రికో వెంటనే పోండి. బిడ్డ బాగానే ఉన్నట్టు కనిపించినా పోవాలి. పారాసెటమాల్ ఎక్కువైతే మొదటి రోజు ఏమీ తెలియకపోవచ్చు.

రేపు పొద్దున బిడ్డను అప్పగించేటప్పుడు తొందరలో ఉన్నా ఒక్క మాట చెప్పండి: "మందు ఇన్నింటికి ఇచ్చిన." తల్లి మరిచిపోతే టీచరమ్మా, మీరే అడగండి: "ఇంట్లో ఏమన్నా మందు పోసినారా?"

ఆ ఒక్క మాట బిడ్డ ప్రాణానికి కాపు.